నా ఎత్తు బెల్లం

"ఇంత తగ్గిపోయారు, ఏం చేశారండీ?" అని అడుగుతున్నారు. ఇక్కడ బెంగాల్‌లో, మా గార్డెన్ రీచ్ ఆటోస్టాండు దగ్గర అడుగుతున్నారు, స్కూల్లో స్టాఫ్ రూములో అడుగుతున్నారు, తెలుగు సంఘం వనభోజనాల్లో అయితే చేతిలో విస్తరి పట్టుకుని మరీ అడుగుతున్నారు. పదేళ్ళపాటు అడక్కుండా సలహాలిచ్చినవాళ్ళే ఇప్పుడు నా సలహా కోసం నిలబడుతున్నారు. నేను దాచుకోను. "డాక్టరు రాసిన మాత్రలు వేసుకున్నాను" అంటాను. వెంటనే మొహాలు చిన్నబోతాయి. ఉపవాసమో, ఆసనాలో, తెల్లారగట్ల గంగ ఒడ్డున నడకో చెబుతానని ఆశపడి వచ్చారు కదా. కష్టపడి తగ్గితే దండ వేస్తారు. మందేసుకుని తగ్గితే పరీక్షలో చూసి రాసినట్టు లెక్క.

అది ఒక జవాబు. ఇంకొకటి ఉంది, అది మా అమ్మది. ఆవిడే ఉండి ఉంటే నన్ను పక్కకు నెట్టి తనే చెప్పేది. లేదు గనక రెండూ నేనే రాయాలి. మాత్రల పట్టీ చేతిలో పట్టుకుని, వేసుకోవాలా వద్దా అని గోడకేసి చూస్తూ కూర్చున్న ఆడది ఎక్కడైనా ఉంటే, ఆమె కోసం. కొంత నన్ను నేను కుదుటపరుచుకోవడం కోసం.

2004, ఎండాకాలం

ఆ ఏడాది వేసవి సెలవులు ఇవ్వకముందే నా నెలసరి ఒక లెక్కలో ఉండటం మానేసింది. వచ్చిందంటే పోయేది కాదు. క్లాసులో నిలబడి మొఘలుల గురించి చెబుతుంటే నల్లబల్ల పైకీ కిందికీ ఊగేది. నేను చరిత్ర పంతులమ్మని. నోరు పెద్దదని స్కూలంతా తెలుసు. హెడ్మాస్టరుతో వాదిస్తాను, ఆటోవాడితో వాదిస్తాను, పార్టీ ఆఫీసువాళ్ళు చందా అడగడానికి వస్తే గుమ్మంలోనే కూర్చోబెట్టి వాళ్ళ పార్టీ చరిత్రే వాళ్ళకి చెబుతాను. కానీ నా ఒంటి గురించి ఎవరైనా మాటంటే మాత్రం నాకు నోరు పెగిలేది కాదు. ఆటోలో వెనక ముగ్గురు కూర్చోవాలి. నేను ఎక్కగానే డ్రైవరు "దిదీ, రెండు సీట్ల భాడా ఇవ్వండి" అనేవాడు. ఇద్దరి కిరాయీ ఇచ్చేసేదాన్ని.

డాక్టరమ్మ చేంబర్ మా పేటలోని మందుల షాపు పైన. ఇరుకు మెట్లు, పైన ఒక గది, గోడల చుట్టూ బెంచీలు, బెంచీల మీద రిపోర్టుల కవర్లు గుండెకు అదుముకున్న ఆడవాళ్ళు. బరువు చూసే మిషను లోపల కాదు, ఆ వెయిటింగ్ రూము మధ్యలోనే ఉండేది. కాంపౌండరు అందరి ముందూ ఎక్కించి, అంకె గట్టిగా అరిచి కాగితం మీద రాసేవాడు. నా వంతు వచ్చేసరికి ఆ గదిలో మాటలు ఆగేవి. అతను అరిచాక ఎవరో ఒకావిడ నాలుక చప్పరించేది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

గర్భసంచిలో గడ్డలున్నాయి, తీసెయ్యాలి అంది డాక్టరమ్మ. కానీ ఆ బరువుతో, ఆ బీపీతో మత్తు ఇవ్వడానికి మత్తు డాక్టరు ఒప్పుకోడంది. తగ్గి రమ్మంది. అన్నం మానేశాను, బంగాళాదుంప మానేశాను, స్టాఫ్ రూములో ఎవరి పుట్టినరోజు మిఠాయీ ముట్టుకోలేదు. రక్తం పోవడం తగ్గలేదు, బరువూ తగ్గలేదు. నీరసంతో మెట్టెక్కలేకపోతుంటే ఇక నడక ఎక్కడిది? వానలు మొదలయ్యాక మళ్ళీ వెళ్తే ఆవిడ ఒక మాత్ర రాసింది. ఆకలి మందగించే మాత్ర.

"అంటే నాకు నోరు కట్టుకోవడం చేతకాదని మీరు తీర్మానం చేసేశారన్నమాట" అన్నాను.

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "బీపీ మాత్ర రాసినప్పుడు నువ్వు ఇలా అడగలేదే?"

చీటీ మడిచి సంచిలో వేసుకుని మెట్లు దిగాను.

కింద షాపులో ఆ మందు లేదు. తెప్పిస్తానన్నాడు షాపు యజమాని బిశుదా. మంచివాడే, గొంతు తగ్గించడం మాత్రం ఎరగడు. రెండ్రోజుల తర్వాత నేను చేపల బజారు నుంచి వస్తుంటే రోడ్డుకి అవతలి పక్క నుంచి కేకేశాడు: "బౌదీ! మీ సన్నబడే మందు వచ్చేసింది!"

నేను ఇల్లు చేరేలోపే ఆ కబురు చేరింది.

శ్రావణం

మా నాన్న శ్రీకాకుళం పక్క పల్లె నుంచి వచ్చి ఇక్కడి డాకుల్లో క్రేను నడిపాడు. ఆయన పోయాక అమ్మ నా దగ్గరే ఉంది. నాకు తోబుట్టువులు లేరు. మా ఆయన పోర్టు ఆఫీసులో గుమాస్తా, మాటలు పొదుపు. కూతురు మాధవి, పేటలో అందరికీ మౌ, అప్పుడు కాలేజీలో ఉంది.

అమ్మ గుమ్మంలోనే పట్టుకుంది.

"ఒలే సరోజా, ఏటే ఇది? తిండెక్కువయినోలకి కూడా మందులుంతాయేటి?"

"డాక్టరు రాసిందమ్మా. ఆపరేషన్ కోసం."

"ఆపరేసనుకి మందులంతే సూదులు గానీ, ఆకలి సంపుకోడానికి మందేటే! మాయమ్మ ఆకలి సంపుకోడానికి తడిగుడ్డ కట్టుకునీది. నీకు ఆ బాద రాకూడదనే కదేటి మీ అయ్య ఈ దేశమొచ్చినాడు? నీ ఒంటిమీదున్నది కొవ్వు కాదే. మీ అయ్య రెక్కల కట్టం."

అందరూ నా ఒంటిని చూసి బద్ధకం అన్నారు, మా అమ్మ ఒక్కర్తే దాన్ని నాన్న సంపాదన అంది. చిన్నప్పుడు నేను బొద్దుగా ఉంటే డాకు కాలనీలో ఆవిడ నన్ను చంకనేసుకుని ఇంటింటికీ తిరిగేదట. నన్ను తగ్గించమంటే ఆవిడకి నాన్నని తగ్గించమన్నట్టు ఉంది.

మా ఆయన్ని అడిగాను. "నీ ఇష్టం" అన్నాడు. మౌని అడగలేదు, అదే వచ్చి చెప్పింది. "మా, వేసుకుంటే వేసుకో. కానీ ఎవరికీ బోలో నా, చెప్పకు, ప్లీజ్. మా బంధువులు, అదే, నా ఫ్రెండ్స్, నవ్వుతారు." దాని తెలుగులో బంధువులంటే స్నేహితులే. దాని మీద నాకు కోపం రాలేదు. నా పక్కన నడిచినప్పుడు అది అర అడుగు వెనక ఉంటుందని నాకు ఎప్పటినుంచో తెలుసు.

స్టాఫ్ రూములో శిప్రాది, అంటే శిప్రా అక్క, ఉండేది. బెంగాలీ పంతులమ్మ, నాకన్నా పెద్దది, ఈనెపుల్ల లాంటి మనిషి. సందేశ్ మిఠాయి నోట్లో వేసుకుంటూ, "మందా? ఛీ ఛీ. మనసు గట్టిగా ఉండాలి సరోజా, మనసు" అంది. నా మనసు ఎంత గట్టిదో వారం ముందే హెడ్మాస్టరు గదిలో అందరూ విన్నారు. ఆ మాట అనలేదు. ఎందుకంటే లోపల నేనూ అదే అనుకుంటున్నాను.

ఇది మీకు చెప్పడానికే ఇంత రాస్తున్నాను. బయటివాళ్ళ మాటలు నన్ను ఆపలేదు. ఆ పట్టీ బీరువాలో చీరల కింద పెట్టి, రోజూ తీసి చూసి, మళ్ళీ పెట్టేశాను. ఈ వారం నోరు కట్టుకుంటాను, వచ్చే వారం చూద్దాం. ఈ మాత్ర వేసుకుంటే నేను ఓడిపోయినట్టే. ఎవరి చేతిలో? తెలీదు. రోజూ రక్తం పోతూనే ఉంది, నేను మాత్రం పరువు కాపాడుకుంటున్నాను.

జన్మాష్టమి దాటాక ఒక మధ్యాహ్నం క్లాసులోనే పడిపోయాను. తెలివి వచ్చేసరికి నా చీర తడిసిపోయి ఉంది. పిల్లల్ని బయటికి పంపేసి, తలుపు వేసి, శిప్రాది తన ఒంటిమీది పమిట కొంగే లాగి నా చుట్టూ చుడుతోంది. దుర్గాపూజకని కొనుక్కున్న కొత్త టంగాయిల్ నేత చీర ఆవిడ సంచిలో ఉంది. అది తీసి నాకు కట్టింది. టాక్సీలో నన్ను తన భుజానికి ఆనించుకుని కూర్చుంది. దారిలో ఊరేగింపు. ఎర్రజెండాలు, నినాదాలు, ఎటు చూసినా ఆగిన బస్సులు. శిప్రాది టాక్సీ దిగి, ఎప్పుడూ గొంతెత్తని మనిషి, "ఇక్కడ మనిషి చచ్చిపోతోంది, మీ విప్లవం కాస్త పక్కకి జరపండి!" అని అరిచింది. ముందు నడుస్తున్న ఒక నెరసిన గడ్డం ఆయన జెండా కర్ర అడ్డంగా పెట్టి జనాన్ని ఆపాడు. మా టాక్సీ వెళ్ళేదాకా ఆ కర్ర దించలేదు.

మనసు గురించి ఆ రోజు ఆవిడ ఏమీ అనలేదు. చీర ఉతికి ఇస్తే తీసుకోలేదు.

మర్నాడు పొద్దున్న, నర్సింగ్ హోము నుంచి ఇంటికి వచ్చాక, రక్తమెక్కించిన చేతికి ఇంకా దూది అంటుకుని ఉండగానే, పట్టీ చింపి మాత్ర వేసుకున్నాను. అమ్మ వంటింటి గడపలో నిలబడి చూసింది. ఏమీ అనలేదు. అదే నాకు అనుమానం రావలసిన చోటు.

పూజల నెల

ఆ మాత్ర గురించి గొప్పగా చెప్పను, చెడ్డగానూ చెప్పను. నోరు ఎండిపోయేది, దేనికీ రుచి ఉండేది కాదు. రాత్రి నిద్ర పట్టేది కాదు. ఒక్కోసారి గుండె ఊరికే పరిగెత్తేది, డాక్టరమ్మ వారం వారం బీపీ చూసేది. ఆవిడ చూడకపోతే నేను వేసుకునేదాన్ని కాదు. మీరూ ఎవరి మాటో విని షాపులో కొనుక్కుని వేసుకోకండి. నాకు వింతగా అనిపించింది ఒకటే. కంచం ముందు కూర్చుంటే నా లోపల ఎప్పుడూ అరుస్తూ ఉండే గొంతు ఊరుకుంది. నలభై ఏళ్ళు నేను దాన్ని నా బలహీనత అనుకున్నాను. శిప్రాదికి ఆ గొంతే లేదు, అందుకే ఆవిడకి మనసు గట్టిది. అంతే తేడా.

మహాలయ నాటికి జాకెట్లు వదులయ్యాయి. పందిళ్ళలో కనిపించినవాళ్ళందరూ పొగిడారు. "ఎంత అందంగా అయ్యావు!" అంటే నేను అప్పటిదాకా ఏమిటన్నమాట?

ఒక శనివారం సాయంత్రం అమ్మ కంచం కడిగి బోర్లించి ఉండటం చూశాను. మధ్యాహ్నం నుంచీ ఏమీ తినలేదు. కూపీ లాగితే బయటపడింది. అమ్మ తన స్నేహితురాలు అప్పలనర్సమ్మని వెంటబెట్టుకుని వెళ్ళి, పైడితల్లి గుడిలో మొక్కుకుంది.

ఆ గుడి గురించి చెప్పాలి. మా వైపు నుంచి వచ్చిన డాకు కూలీలు గోదాముల వెనక కట్టుకున్న చిన్న గుడి, రేకుల కప్పు. మొక్కు తీరినవాళ్ళకి అక్కడ ఎత్తు బెల్లం తూస్తారు. గుడికి సొంత తక్కెడ లేదు. జూటు గోదాములో జనపనార బేళ్ళు తూచే పెద్ద కాటాని ఆదివారం అడిగి తెచ్చి దూలానికి వేలాడదీస్తారు. ఒక పళ్ళెంలో మనిషి, ఇంకో పళ్ళెంలో బెల్లం. ఆ బెల్లం కాలనీకంతా పంచుతారు.

"నీ ఒల్లు తగ్గి, ఆపరేసను అయి, లేసి తిరిగితే నీ ఎత్తు బెల్లం ఇత్తానన్నాను. అందాక నాను ఒక్కపూటే తింతాను."

"అమ్మా, నేను తగ్గుతున్నది మాత్ర వల్ల."

"మాత్రకే తగ్గీటట్టయితే బిసుదా పెల్లాం ఎందుకు తగ్గనేదు? కొట్టంతా ఆలదే కదేటి?"

"ఆవిడ వేసుకోదు!"

"మరి నువ్వు ఏసుకున్నావు గదా, నాలుగు వారాలు బీరువాలో దాసి. నాను మొక్కుకున్నాకే నీకు ఆ బుద్ది పుట్టినాది."

ఈవిడ కడుపున పుట్టి నేను వాదించకుండా ఎలా ఉంటాను?

కానీ ఇది నవ్వుకునే సంగతి కాదు. అమ్మకి షుగరు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి మాత్ర. ఆ మాత్రలు మాత్రం ఆవిడకి ఏనాడూ సిగ్గనిపించలేదు. గుళ్ళో, బస్సులో, పేరంటంలో చెంగు ముడి విప్పి అందరి ముందూ వేసుకునేది. డాక్టరమ్మని అడిగితే భయపడింది. షుగరు మాత్ర వేసుకుని తినకపోతే ప్రమాదం, ఎలాగైనా మాన్పించమంది. ఇంటికొచ్చి చెప్పాను.

"మందు మానకూడదన్నాడు నా సుగరు డాకటరుబాబు, మాననేదు. తిండి మానకూడదని నాతో అననేదు కదేటి?"

మా ఆయన చెప్పాడు, మౌ ఏడ్చింది, అప్పలనర్సమ్మ గదిమింది. ఆవిడ వినలేదు. నేను వారం రోజులు కాగితం మీద బొమ్మలు గీసి మరీ వాదించాను. ఆఖరికి నాకొక ఆలోచన వచ్చింది. గెలవడం మానేస్తే పోయె. ఆవిడకి కావలసింది నేను ఒప్పుకోవడమే కదా.

మర్నాడు ఆవిడ తులసి దగ్గర కూర్చుని ఉంటే పక్కన కూర్చున్నాను. "సరేనమ్మా. నువ్వు చెప్పిందే నిజం. నీ ఒక్కపూట వల్లే తగ్గాను. అమ్మవారు విన్నది. మొక్కు ఫలించింది, ఇక రెండు పూటలా తిను."

ఆవిడ నా వైపు తిరిగింది. మొహంలో రక్తం లేదు.

"డాకటరమ్మ ఏటందే?"

"ఏమీ అనలేదు."

"నిజం సెప్పే. పుట్టి బుద్దెరిగి నువ్వు నా మాటొకటి ఒప్పుకోనేదు. పెల్లిసూపుల్నాడు కూడా ఒప్పుకోనేదు. ఇయ్యాల ఒప్పుకున్నావంతే… ఎన్నాల్లని సెప్పినాది?"

ఎంత చెప్పినా నమ్మలేదు. నేను మొదటిసారి ఓడిపోతే, అది చావు కబురనుకుంది. ఆ పూట నుంచి ఆవిడ మధ్యాహ్నం అన్నం కూడా మానేసి చోడి అంబలి, అదే రాగి జావ, మీదికి దిగింది. అన్నం తిన్నానని మాకు అబద్ధం చెప్పి, కంచానికి మెతుకులు పూసి కడిగేదని తర్వాత తెలిసింది.

2005, చలికాలం

సంవత్సరం మారాక మత్తు డాక్టరు ఒప్పుకున్నాడు. నర్సింగ్ హోములో చేర్చిన పొద్దున అమ్మ కుంకుమ పెట్టి, "బయపడకు, అక్కడ నాను ముందే సెప్పి ఉంచినాను" అంది, అమ్మవారితో కాదు, డాక్టరుతో మాట్లాడి వచ్చినట్టు.

ఆపరేషన్ నాకు గుర్తులేదు. తర్వాతి నొప్పి గుర్తుంది, గొంతులో గొట్టం పెట్టిన మంట గుర్తుంది, నా ఎండిన పెదాలు తడి దూదితో తుడిచిన ఆయా గరుకు చేతులు గుర్తున్నాయి. తీసిన గడ్డని పరీక్షకి పంపామన్నారు. ఆ ఫలితం వచ్చేదాకా పడుకుని గోడ మీద బల్లిని చూడటమే. రెండు రోజులు అమ్మ వచ్చింది. మూడోనాడు రాలేదు. జలుబు అన్నాడు మా ఆయన. నాలుగోనాడూ జలుబే. నాతో అబద్ధమాడటం ఆయనకి అలవాటు లేదు, గోడ వైపు తిరిగి చెప్పాడు. మౌ కళ్ళు ఉబ్బి ఉన్నాయి. అర అడుగు వెనక నడిచే పిల్ల నా మంచం పట్టె వదలకుండా కూర్చుంది.

ఇంటికి తీసుకెళ్ళే రోజు టాక్సీలో చెప్పారు. తెల్లవారుజామున అమ్మ కుళాయి దగ్గర పడిపోయింది. రాత్రి షుగరు మాత్ర వేసుకుంది, కడుపులో ఏమీ లేదు. చాలాసేపటికి గానీ ఎవరూ చూడలేదు. పెద్ద ప్రభుత్వాసుపత్రిలో ఉంది. షుగరు ఎక్కించాక తెలివి వచ్చింది గానీ గుండె బలహీనపడింది, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది.

"టాక్సీ అటు తిప్పమను" అన్నాను.

కుట్లు పచ్చిగా ఉన్నాయని ఆయన అంటే, నేను అన్నవి ఇక్కడ రాయను.

లిఫ్టు పనిచెయ్యడం లేదు. అప్పలనర్సమ్మ కొడుకులిద్దరూ డాకులో హమాలీలు. నన్ను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, మూడంతస్తులు మోశారు. "బరువమ్మా నేను, జాగ్రత్త" అంటే, "మేం మోసే మూటల్లో నువ్వే తేలికప్పా" అన్నాడు పెద్దవాడు. అప్ప అంటే మా వైపు అక్క. వార్డులో మంచాల కింద కూడా రోగులు. అమ్మ మంచం పక్క నేల మీద గోనెపట్టా పరుచుకుని అప్పలనర్సమ్మ కూర్చుని ఉంది. ఎన్ని రోజులుగా ఉందో ఆవిడనే అడగాలి.

అమ్మ చాలా చిన్నదైపోయింది. నా తగ్గుదల అంతా ఆవిడలోంచే తీసినట్టు ఉంది. నన్ను చూసి కళ్ళు పెద్దవి చేసింది.

"ఎంత తగ్గినావే! నాను సెప్పనేదా?"

చెప్పావమ్మా అనబోయాను. ఆవిడ ఏం కావాలన్నా ఒప్పుకోవడానికి సిద్ధంగా ఉన్నాను, ప్రపంచంలో ఉన్న దేవతలందరినీ ఒప్పుకునేదాన్ని. కానీ ఆవిడ నా మొహంలోకి చూస్తోంది. తులసి దగ్గర చూసినట్టే. నేను ఏమంటానో దాని మీదే ఆవిడ ప్రాణం ఆగి ఉంది.

అప్పుడు అర్థమైంది. వేళ్ళు బిగించి మంచం పట్టె పట్టుకుని, క్లాసులో గొంతుతో అన్నాను:

"నీ మొహం, నువ్వు చెప్పడమేమిటి? నీ అంబలికి నేను తగ్గడమేమిటి? డాక్టరు రాసిన మందుకి తగ్గాను. గడ్డ పరీక్ష కూడా ఇవాళ పొద్దునే వచ్చింది, చెడ్డదేమీ కాదన్నారు. నీ పైడితల్లికి వైద్యం తెలిస్తే నువ్వెందుకు ఇక్కడ పడుకున్నావు?"

పక్క మంచం ఆవిడ నా వైపు అసహ్యంగా చూసింది. చచ్చిపోతున్న తల్లితో ఇలా మాట్లాడే కూతుర్ని ఆవిడ ఎక్కడా చూసి ఉండదు.

అమ్మ మొహం విచ్చుకుంది. ఎముకలు తేలిన చెయ్యి ఎత్తి అప్పలనర్సమ్మ భుజం తట్టింది. "ఇన్నావేటే? నోరు సూడు దానిది. బాగానే ఉన్నాదే! బాగానే ఉన్నాది నా బిడ్డ!" నవ్వితే దగ్గు వచ్చింది. దగ్గు ఆగాక, "మాత్రంట! బిసుదా పెల్లాం ఎందుకు తగ్గనేదో సెప్పమను" అంది.

"ఆవిడ వేసుకోదమ్మా" అన్నాను.

ఆ తర్వాత ఇంకో నాలుగు రోజులు ఉంది. అన్ని రోజులూ వాదించుకున్నాం. ఆఖరి సాయంత్రం ఆవిడకి మాట రాలేదు, నేనే ఇద్దరి మాటలూ చెప్పాను.

ఫాల్గుణం

మొక్కు సంగతి అప్పలనర్సమ్మ ఎత్తింది. మాటిచ్చినావిడ పోయినా మాట ఉంటుందంది. ఇంట్లో చావు జరిగి నెల తిరిగిందో లేదో అని మా ఆయన నసిగాడు. "పెల్లయిన కూతురికి మూడ్రోజులేనయ్యా మైల. అమ్మోరు ఏడాది ఆగీది కాదు" అని కొట్టిపారేసింది. నాకు దేవుడంటే నమ్మకం లేదు, అది పేటంతా తెలుసు. వెళ్తానన్నాను. ఎవరూ ఆశ్చర్యపడలేదు, లేదా నా ముందు పడలేదు.

బెల్లం గురించి కూడా గొడవే. అమ్మ మొక్కుకున్నది మన వైపు చెరకు బెల్లం. బజారు నిండా ఇక్కడి ఈతబెల్లం. శిప్రాది తన ఊరు నుంచి పెద్ద బుట్టెడు తెప్పించి, తనే ఆటోలో వేసుకుని తెచ్చింది. "మీ దేవత బెంగాల్‌లో ఉంటోందిగా, బెంగాల్ బెల్లం తినడం నేర్చుకోనీ" అంది. అప్పలనర్సమ్మ ఆ మాటకి చాలాసేపు ఆలోచించి, సగం సగం అని తీర్పు చెప్పింది.

ఆదివారం పొద్దున జూటు గోదాము నుంచి కాటా వచ్చింది. గొలుసులు, తుప్పు పట్టిన ఇనప పళ్ళేలు, మనిషి పడుకోగలిగినంతవి. ఒకదానిలో గోనెపట్టా మడిచి వేశారు. కాలనీ జనమంతా చుట్టూ నిలబడి ఉన్నారు. చేంబర్లో ఆ మిషను గుర్తొచ్చింది, కాంపౌండరు అరుపు, ఆ చప్పరింపు. మౌ నా చెయ్యి పట్టుకుని ఎక్కించింది. అందరి ముందూ, నా పక్కనే నిలబడింది.

బెల్లం దిమ్మలు పడుతున్నాయి. ఒక్కొక్కటి పడినప్పుడు నేను కొంచెం పైకి లేచాను. ఎవరూ అంకె అరవలేదు. అక్కడ అంకె రాసే అలవాటే లేదు. ముల్లు మధ్యకి వచ్చేదాకా వేస్తూ ఉండటమే. ఇంకొంచెం, ఇంకొంచెం అంటున్నారు, నా బరువు ఎంత ఎక్కువైతే వాళ్ళకి అంత పండగ. పిల్లలు దిమ్మలవైపే చూస్తున్నారు. "తగ్గిపోనావప్పా, పోయినేడు తూసుంతే ఇంకో బుట్ట వొచ్చును" అన్నాడు అప్పలనర్సమ్మ పెద్దకొడుకు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా ఒంటి మీద జోకుకి జీవితంలో మొదటిసారి.

పళ్ళేలు నిలిచాయి. నా పాదాలు నేల మీద లేవు.

నన్ను దించాక బెల్లం కొట్టి పంచడం మొదలుపెట్టారు. మొదటి ముక్క అప్పలనర్సమ్మ తీసింది. అమ్మవారి ముందు పెట్టి, తీసి, నా దగ్గరికి తెచ్చింది. ఏడాదిగా నేను తీపి ముట్టలేదు. వద్దని చెయ్యి అడ్డం పెట్టాను.

"నీది కాదే" అంది. "మీ యమ్మ వాటా. నీ ఎత్తు తూసినాక దీంతోనే ఒక్కపూట ఇడుత్తానన్నాది. ఆకలితోనే ఎల్లిపోనాది ముండ. నువ్వు తిను."

సగం మన బెల్లం, సగం వాళ్ళది, కలిసిపోయిన ముక్క. నోట్లో పెట్టుకున్నాను. నెలల తరబడి నాకు ఏ రుచీ తెలియలేదు, ఆ మందు వేసుకున్నప్పటి నుంచీ. ఇది తెలిసింది. నిలబడి, నమిలి, అంతా మింగాను. అమ్మ తిన్నట్టుగా.